కాగితం సిస్టర్లు

తొమ్మిదేళ్లుగా ఈ బరువు నా గుండెల మీద ఉంది. ఇంట్లో చెప్పలేదు. తోటి నర్సులకూ చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నానంటే, మీరు నా మొహం చూడరు కనుక. పిరికిదాన్ని. ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను.

పాతబస్తీలో ఒక పెద్ద ఆసుపత్రి. ఊరంతా బ్రాంచీలున్న సంస్థ. అందులో నేను మగవాళ్ల వార్డుకు ఇన్‌చార్జి సిస్టర్ని. ముప్పై మంచాలకు షిఫ్టుకు ముగ్గురు నర్సులు ఉండాలని రూలు. ఉండేది ఒక్కరు, మహా అయితే ఇద్దరు. మనుషుల్ని ఇవ్వమంటే పైవాళ్లు ఇచ్చేవాళ్లు కాదు గానీ, తనిఖీకి వచ్చేవాళ్లకు డ్యూటీ చార్టులో మాత్రం ఖాళీ కనపడకూడదు. అందుకని సెలవులో ఉన్నవాళ్ల పేర్లు, వేరే బ్రాంచీకి పంపినవాళ్ల పేర్లు రాసేవాళ్లం. వాళ్లను 'కాగితం సిస్టర్లు' అనుకుని నవ్వుకునేవాళ్లం. నేనూ నవ్వేదాన్ని. ప్రతి సోమవారం ఆ చార్టు రాసేది నేనే కదా!

ఆ మధ్యాహ్నం చార్టులో ముగ్గురు. వార్డులో యాస్మిన్ ఒక్కతే. ఆమె ఈ చివర ఒకాయనకు రక్తం ఎక్కిస్తుంటే, ఆ చివర నుంచి ఉప్పుగూడ నుంచి వచ్చి చేరిన ఒక ముసలాయన బాత్‌రూమ్‌కని పిలిచాడు. "వస్తున్న బాపూ, జర ఆగు" అందట. ఆయన ఆగలేక దిగాడు. పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. కొడుకులు వచ్చి నానా లొల్లి చేశారు. ఇక పైవాళ్లకు ఎవరో ఒకరి తప్పు కావాలి.

విచారణ గది బయట బెంచీ మీద యాస్మిన్ నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నేనొక్కదాన్నే ఉన్ననని మీరొక్క మాట చెప్పుండ్రి, చాలు. మీ మాట ఇంటరు. నా నౌకరీ పోతే ఇల్లెట్ల నడుస్తది?"

"ఫికర్ చెయ్యకు. చెప్త," అన్నాను.

చెప్పాలనే లోపలికి వెళ్లాను. నిజంగా చెప్పాలనేనా? ఏమో. మేనేజరు చార్టు నా ముందుకు జరిపి, "ముగ్గురు ఉన్నారు కదా సిస్టర్?" అన్నాడు. ఆయనకు అంతా తెలుసు. నిజం చెబితే దొంగ చార్టు తప్పు రాసిన నా మీద పడుతుంది గానీ రాయించినవాళ్ల మీద పడదు. అది అర్థం కాగానే, ఇన్‌చార్జినై ఏడాది కూడా కాలేదని, పదిహేనేళ్లు నిలబడి చేస్తే వచ్చిన కుర్చీ అని, యాస్మిన్‌కు వయసుంది, ఎక్కడైనా పని దొరుకుతుందని నాకు నేనే సర్దిచెప్పుకుని, "ఉన్నారు సార్" అన్నాను. అక్కడితో ఆగానా? "మిగతా ఇద్దరూ భోజనానికి వెళ్లారు, తను చూసుకుంటానంది" అని కూడా కలిపాను. అది ఎవరూ అడగలేదు. ఎందుకు కలిపాను? ఇప్పటికీ అంతుపట్టదు.

బయటికొచ్చాను.

"చెప్పినరా అక్కా?"

చెప్పానన్నట్టు తలూపాను.

నిర్లక్ష్యం కింద ఆమెను తీసేశారు. ఆ మాట కాగితం మీద ఉండటంతో మళ్లీ ఏ పెద్ద ఆసుపత్రీ తీసుకోలేదు. ఇప్పుడు ధూల్‌పేట్‌లో ఒక చిన్న క్లినిక్‌లో ఇంజెక్షన్లు వేస్తోంది. ఆ ముసలాయన మళ్లీ కర్ర లేకుండా నడవలేదు. నేను తర్వాతి సోమవారం ఎప్పటిలాగే చార్టు రాశాను.

మొన్న యాస్మిన్ చెల్లెలి పెళ్లి. వెళ్లకూడదనుకుంటూనే వెళ్లాను. వాళ్లమ్మ నా రెండు చేతులూ పట్టుకుని నన్ను చుట్టాలందరికీ చూపించింది. "మా యాస్మిన్ కోసం సార్ల ముంగట మాట్లాడింది గీ అక్కనే! అల్లా నిన్ను సల్లగ చూస్తడు బేటీ." పక్కన యాస్మిన్ నవ్వుతూ నిలబడింది. పళ్లెం నిండా వడ్డించారు. సిగ్గు లేకుండా తిన్నాను.

మిమ్మల్ని క్షమించమని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. ఆమెను అడిగే ధైర్యం వస్తుందో లేదో తెలియదు. అయినా, ఇంత రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. ఆ గదిలో చెప్పాల్సిన మాట ఇక్కడ చెబుతున్నాను. ఆ మధ్యాహ్నం వార్డులో యాస్మిన్ ఒక్కతే ఉంది. నేను ఆమె కోసం మాట్లాడలేదు.