తరన్నుమ్ చేసిన రాములు

తరన్నుమ్ కోపిష్టిదని వనపర్తిలో మా గల్లీ అంతా అంటుంది. నేనూ కాదనను. కానీ నిరుడు పెత్రమాస పండగ ముందు ఆమె పడ్డ కోపం చాలా తక్కువని నా అభిప్రాయం. ఆమె స్థానంలో నేనుంటే ఆ దినేష్ చెంప వాయించేవాణ్ణి. ఇప్పటికీ వాడు బండి మీద మా ముందునుంచి పోతుంటే నాకు ఒళ్లు మండుతుంది.

నా పేరు బాలరాజు. పటాలు కట్టే దుకాణం నాది. నేను కట్టేవాటిలో దేవుళ్ల పటాలు తక్కువ, పోయినవాళ్ల పటాలు ఎక్కువ. ఆ పోయినవాళ్లు నా దగ్గరికి వచ్చేది పక్కనున్న తరన్నుమ్ ఫొటో దుకాణం నుంచే. మా ఇద్దరి మధ్య ఉన్నది ఒక రేకు గోడ. అటు ఆమె గొంతు పెంచితే ఇటు నా అద్దాలు గలగలమంటాయి.

ఆమె చేసే పని ఏమిటో చెబుతాను. ఊళ్లలో మనిషి పోయాక గోడకు ఫొటో కావాలని వస్తారు. వాళ్ల చేతిలో ఏముంటుంది? ఎవరి పెళ్లిలోనో వెనక వరసలో సగం కనబడే తలకాయ. లేదా మేకను పట్టుకుని నిలబడ్డ ఫొటో, అందులో మేక స్పష్టంగా, మనిషి మసకగా. ఆ తలకాయను తరన్నుమ్ కంప్యూటరులో వేరు చేసి, మసకంతా పోగొట్టి, భుజాలు పెట్టి, చొక్కా తొడుగుతుంది. మగవాళ్లకు కోటు తొడగమని చాలామంది అడుగుతారు. ఆమె దగ్గర ఉన్నది ఒకటే నీలం కోటు. ఇటిక్యాల నుంచి లింగాల దాకా, ఒకరి మొహం ఒకరు ఎన్నడూ చూడని పెద్దమనుషులంతా ఆ ఒక్క కోటులోనే గోడలెక్కారు.

"బతికినన్నాళ్లు అంగీ గుండీ పెట్టుకోలే మీ నాయిన. ఇప్పుడు కోటెందుకయ్యా?" అని కసురుతుంది. కసురుతూనే తొడుగుతుంది. ఆమె తండ్రి ఫకీర్‌ది కూడా ఇదే పని. నలుపు తెలుపు ఫొటోలకు సన్నటి బ్రష్షుతో రంగులు వేసేవాడు. పనితనం ఆయన దగ్గరే నేర్చుకుంది. కోపం మాత్రం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, ఫకీర్ నోట్లో నాలుక లేని మనిషి.

వీపనగండ్ల నుంచి ఈదమ్మ ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. ఈదమ్మ భర్త రాములు పల్లి చేనులో పనిచేస్తూ కూలబడి, దవాఖానకు చేరేలోపే పోయాడు. ఆయన ఫొటోలకు దొరికే మనిషి కాదట. కెమెరా కనబడితే పక్కకు తప్పుకునేవాడు. ఉన్న ఒక్క గుర్తింపు కార్డు మీది బొమ్మ కూడా చొక్కా జేబులో వానకు తడిసి చెరిగిపోయింది. ఈదమ్మ తెచ్చింది రాములు తమ్ముడి ఫొటో.

"గీయన లెక్కనే ఉంటుండె బిడ్డా. గని గీయన గాదు" అంది.

ఇంకెవరైనా అయితే ఆ తమ్ముడికే కాస్త తెల్లజుట్టు పెట్టి చేతిలో పెట్టేవారు. తరన్నుమ్ స్టూలు వేసి ఈదమ్మను పక్కన కూర్చోబెట్టుకుంది. చెవులు ఎట్లుండె, కనుబొమ్మలు కలుస్తుండెనా అని ఒక్కొక్కటే అడిగేది. ఈదమ్మ కళ్లు మూసుకుని చెప్పేది, తెరిచి చూసేది, కాదనేది. "మూతి గింత లావు గాదు బిడ్డా. జర లోపటికి." తరన్నుమ్ చెరిపేది, మళ్లీ చేసేది. ఆ రోజు కుదరకపోతే ఇంకో రోజు రమ్మనేది. ఎదుటివాడు తుమ్మినా విసుక్కునే మనిషి, ఈదమ్మ మీద ఒక్కసారీ విసుక్కోలేదు. రేకు గోడ ఇవతల కూర్చుని అంతా విన్నవాణ్ణి, నేను సాక్షి.

ఒక మధ్యాహ్నం అటువైపు మాటలు ఆగిపోయాయి. ఏమైందోనని వెళ్లి చూశాను. ఈదమ్మ స్టూలు మీద నుంచి లేచి నిలబడి, కొంగు తల మీదికి లాక్కుంటోంది.

"వచ్చిండు" అంది మెల్లగా.

తెర మీద ఉన్నది తమ్ముడు కాదు. నాకు రాములు తెలియదు, అయినా ఎవరో ఒక మనిషి నన్ను చూస్తున్నట్టే అనిపించింది. తరన్నుమ్ ముక్కు తుడుచుకుని, దుమ్ము ఎక్కువైందని ఫ్యాను మీద అరిచింది.

ఈదమ్మ ఆ ఫొటోను ఇంటికి తీసుకెళ్లలేదు. మనిషి పోయి ఏడాది తిరగకముందే ఆ బొమ్మను గడప లోపలికి తేకూడదని వాళ్లింట్లో పట్టింపు. బతుకమ్మ ముందు వచ్చే పెత్రమాసనాడు పెద్దలకు బియ్యమిస్తారు కదా, ఆ రోజుకు పటం కట్టించుకుని తీసుకుపోతాను, అప్పటిదాకా నీ దగ్గరే ఉంచమంది. చిన్న కాపీ కూడా వద్దంది. అందుకని రాములు ఆ కంప్యూటరులోనే ఉండిపోయాడు.

వారం అంగడికి వచ్చినప్పుడల్లా ఈదమ్మ ఆ దుకాణం మెట్లెక్కేది. తరన్నుమ్ చేస్తున్న పని ఆపి రాములును తెర మీదికి తెచ్చేది. ఈదమ్మ కాసేపు చూసి, వాన గురించో ఎద్దు కాలి గురించో ఆయనకు ఒక మాట చెప్పి, లేచి పోయేది. గిరాకీ ఎంత ఉన్నా ఆ సమయంలో ఎవరినీ నోరు మెదపనిచ్చేది కాదు తరన్నుమ్.

ఇక ఆ దినేష్ సంగతి. బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే దుకాణం వాడిది. తరన్నుమ్‌కు పనంతా డెస్క్‌టాప్ మీదే పెట్టుకునే అలవాటు. ఈదమ్మ రాకముందే, ఒకసారి C డ్రైవు పూర్తిగా నిండిపోయి కంప్యూటరు మొరాయించింది. అప్పుడు దినేష్ వచ్చి ఆమె పేరున ఉన్న యూజర్ ఫోల్డరును అలాగే ఎత్తి D డ్రైవులో పెట్టాడు.

"నీ ఫోల్డర్ మొత్తం D లకు జరిపినక్కా. పాత జాగల ఒక దారి పెట్టిన. నువ్వు ఎప్పటి లెక్కనే C ల తెరువు, అదే D లకు తీస్కపోతది. ఇగ C ఖరాబైనా నీ పనికి ఏం గాదు" అన్నాడు.

ఏం కాదన్న ఆ మాటను నమ్మి ఆమె ఇంకెక్కడా కాపీ పెట్టుకోలేదు. నమ్మక ఏం చేస్తుంది? డాక్టరు మందు ఇస్తే మనం నమ్మి మింగమా?

నిరుడు వానాకాలమంతా ఆ తెర మీద ఒక హెచ్చరిక వచ్చేది. మీ పాత సిస్టంకు ఇక రక్షణ ఉండదు, కొత్తదానికి మారండి అని. కింద 'ఇప్పుడు' అని ఒకటి, 'తర్వాత' అని ఒకటి. 'వద్దు' అనేది లేనే లేదు. సొంత సొమ్ముతో కొనుక్కున్న వస్తువును మార్చొద్దు అనడానికి వీల్లేకుండా చేసినవాడు ఎక్కడ కూర్చున్నాడో కానీ, వాడి మీద కూడా నాకు కోపమే.

పెత్రమాస దగ్గరపడింది. దుకాణం నిండా జనం. పండగ దాటనీ అంది తరన్నుమ్. దినేష్ వింటేనా? "వైరస్ వస్తే అంత పోతదక్కా. సాయంత్రానికల్ల అయిపోతది" అని కూర్చున్నాడు. కొత్త సిస్టం సగం దాకా ఎక్కడం, ఆగడం, మార్పులను వెనక్కి తీసుకుంటున్నామని చెప్పి పాతదానికే రావడం. మళ్లీ పెట్టాడు, మళ్లీ అంతే. ఎందుకో చెప్పదు. ఏదో ఒక అంకె చూపించి ఊరుకుంటుంది.

కారణం మాకు తర్వాత తెలిసింది. యూజర్ ఫోల్డరు దాని అసలు చోట లేకపోతే కొత్త సిస్టం సరిగా ఎక్కదట. ముందు దాన్ని C లోకి తిరిగి తెచ్చి, ఆ తర్వాతే మార్చాలట. ఆ ఫోల్డరును జరిపింది ఎవరు? వాడే. జరిపిన సంగతి వాడే మరిచిపోయాడు.

C లో చాలనప్పుడు కొత్త సిస్టం తన సామాను D లో దింపుకుంటుందట, అక్కడ కూడా జాగా చాలకనే ఎక్కడం లేదని వాడికి అనిపించింది. వేరే పేరుతో లోపలికి పోయి C తెరిస్తే తరన్నుమ్ ఫోల్డరు, దాన్నిండా ఫొటోలు. D తెరిస్తే అదే ఫోల్డరు, అవే ఫొటోలు. ఒక ఇంటికి రెండు వాకిళ్లుంటే, రెండింట్లోంచీ తొంగి చూసి రెండిళ్లు అనుకున్నాడు. C లోది అసలు, D లోది నకలు అని వాడి లెక్క.

"డూప్లికేట్ ఉందక్కా, తీసేస్తున్న" అని కేకేశాడు.

కౌంటరు దగ్గర గిరాకీతో ఉన్న తరన్నుమ్ తల తిప్పకుండానే "డూప్లికేటైతే తీయ్" అంది.

D లోది తీసేశాడు. చెత్తబుట్టలో పడితే మళ్లీ జాగా తింటుందని, అందులోకి కూడా పోకుండా తీసేశాడు. అడ్డుపడే ఫోల్డరే లేదు కాబట్టి కొత్త సిస్టం ఈసారి ఎక్కింది. ఎక్కి, నమస్కారం అని పలకరించి, ఖాళీ తెర చూపించింది. పాత చోట వాడు పెట్టిన దారి అలాగే ఉంది. అది తీసుకుపోయే చోట ఏమీ లేదు.

పోయినవి వెతికే సాఫ్ట్‌వేరు ఏదో తెచ్చి నడిపాడు. కానీ ఖాళీ చేసిన ఆ చోటే కొత్త సిస్టం తన సామానంతా దింపుకుంది. దొరికినవి చాలావరకు సగం బొమ్మ, సగం బూడిద రంగు. మిగతావాళ్ల ఫొటోలు ఎప్పుడో అచ్చై గోడలకు ఉన్నాయి కాబట్టి వాళ్లకు వచ్చిన నష్టం లేదు. రాములు ఒక్కడే ఎక్కడా లేడు. నుదురు, కనుబొమ్మలు దొరికాయి. కింద అంతా బూడిద.

"బ్యాకప్ పెట్టుకోవాలె గదక్కా. గది కస్టమర్ పని. మళ్ల తీయమన్నది గూడ నువ్వే" అన్నాడు దినేష్.

నా చేతిలో సుత్తి ఉంది. దాన్ని కింద పెట్టే వెళ్లాను, లేకపోతే ఏం జరిగేదో. తరన్నుమ్ వాడికి ఎదురుగా నిలబడి ఉంది.

"D ల పెట్టిన, ఏం గాదన్నదెవరు? నేనా? డూప్లికేటో అసలుదో చూసేది నీ పనా, నా పనా? నీకు తెల్వకపోతే తెల్వదని చెప్పాలె. నా మీదకు తోస్తవా?"

"కంప్యూటర్లంటే గిట్లనే ఉంటదక్కా" అని వాడు భుజాలెగరేశాడు.

ఆ భుజాలెగరేయడమే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పొరపాటు ఎవరైనా చేస్తారు. చేసినవాడు తల దించుకోవాలి.

మరునాడు కూడా వాణ్ణి పిలిపించి వెతికిస్తూ ఉండగానే ఈదమ్మ వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది, పటం చుట్టుకుపోవడానికి తువ్వాలు తెచ్చింది. ఎప్పటిలాగే తెర ముందు నిలబడింది.

తరన్నుమ్ దినేష్ వైపు తిరిగింది. "నాకు చెప్పినవ్ గదా, బ్యాకప్ కస్టమర్ పని అని. ఈమెకు చెప్పు."

వాడు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, అంటే... జర టెక్నికల్ ప్రాబ్లం వచ్చింది."

"ఏమంటుండు బిడ్డా?" అని ఈదమ్మ తరన్నుమ్‌ను అడిగింది.

"మీ ఆయన ఫొటో పోయిందమ్మా. ఈయన చేతుల పోయింది, నా దుకాణంల పోయింది."

ఈదమ్మ తువ్వాలును మడతపెట్టింది. తిడుతుందని చూశాను. తిడితే బాగుండునని చూశాను. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది.

"పోతే మళ్ల చెయ్ బిడ్డా. నేను చెప్త గద."

తరన్నుమ్ తమ్ముడి ఫొటో అడిగి తీసుకుని మళ్లీ తెర మీద పెట్టింది. దొరికిన నుదురునూ కనుబొమ్మలనూ పైన అతికించింది. "మూతి ఎట్లుండె అమ్మా?"

ఈదమ్మ కళ్లు మూసుకుంది. "నువ్వు చేసినవ్ గదా. గట్లనే."

"నేను చేసింది గాదమ్మా. మనిషిని యాదిచేసుకో. నీ మీద కోపమొస్తే మొహం ఎట్ల పెడుతుండె? గది చెప్పు."

ఈదమ్మ కళ్లు తెరవలేదు. తన మూతినే లోపలికి లాగి చూసుకుంది, వదిలేసింది.

"కోపం..." అంది. "కండ్లు మూస్తే గా ఫొటోనే వస్తుంది. ఫొటోల కోపం లేకుండె గద బిడ్డా."

తరన్నుమ్ మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసింది.