తేలత్త కోరుకున్న మంట

ఇటుకల బట్టీలో ఆమెను అందరూ తేలత్త అనే పిలుస్తారు. ముప్పై ఏళ్లుగా ఇటుకలు పేరుస్తున్న ఆ చేతులను తేళ్లు ఏడుసార్లు కుట్టాయి. ఏడుసార్లూ కొంగు పళ్ల మధ్య బిగబట్టి, మంట చల్లారగానే మళ్లీ పనిలోకి దిగింది. అందుకే ఎవరిని తేలు కుట్టినా అందరూ ఆమె దగ్గరికే పరుగెత్తేవారు. మంట పోయిందంటే చాలు, విషం దిగిపోయిందని తేల్చేసేది. అప్పటిదాకా ఎవరికీ ఏమీ కాలేదు మరి. అదంతా అదృష్టమని ట్రాక్టర్ నడిపే నాకు తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను.

ఆ మధ్యాహ్నం ఆమె ఆరేళ్ల మనవరాలు ఇటుకల సందులో పడ్డ బంతి కోసం చెయ్యి పెట్టి కెవ్వుమంది. అరగంట గుక్కపట్టి ఏడ్చి, ఉన్నట్టుండి ఊరుకుంది.

"చూశావా అల్లుడూ, దిగిపోయింది. నా మనవరాలంటే మజాకానా!" అంది తేలత్త. బట్టీలో మగవాళ్లందరినీ ఆమె అల్లుడనే పిలుస్తుంది.

నవ్వబోయి పిల్లను చూశాను. ఒళ్లంతా చెమట. చేతులు పట్టుకుంటే మంచుముక్కలు. అంతలోనే భళ్లున వాంతి చేసుకుంది.

"అత్తా, ఇది తగ్గడం కాదు. ట్రాక్టరెక్కు!"

ఆసుపత్రికి చేరేసరికి పిల్ల ఎగశ్వాస తీస్తోంది. నర్సమ్మ ఆక్సిజన్ పెట్టింది. డాక్టరు మాత్ర వేయించి, పిల్లను లేపి కూర్చోబెట్టొద్దని, బీపీ పడిపోతుందని గట్టిగా చెప్పి వెళ్లాడు.

"ఇంతసేపు ఏం చేశారమ్మా?" అంది నర్సమ్మ.

"మంట పోయిందని..." అంది తేలత్త.

"మంట పోతే విషం దిగినట్టు కాదు. ఒళ్లు చల్లబడి చెమటలు పట్టాయంటే గుండెకు ముప్పొచ్చినట్టు. ఇప్పుడు చేతులు వెచ్చబడాలి. కుట్టిన చోట మళ్లీ మంట పుట్టాలి. అప్పుడే మందు పనిచేసినట్టు."

తేలత్త మంచం పక్కన కూలబడింది. తేలు కుట్టిన ఆ చల్లటి వేలిని రెండు చేతుల్లో పట్టుకుని రుద్దుతూనే ఉంది. "మండుతోందని చెప్పవే తల్లీ. ఒక్కసారి చెప్పు. నా చేతులతో నేనే నిన్ను చంపుకున్నానే." నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు, కదలబుద్ధీ కాలేదు. మాత్ర మళ్లీ వేశారు. కిటికీలోంచి పడ్డ ఎండ నేల దాటి గోడ ఎక్కింది. పిల్ల కళ్లు తెరవలేదు.

ఆమె ఇంకా రుద్దుతూనే ఉంది. ఉన్నట్టుండి ఆ వేలు విదిలించుకుంది.

"ముట్టుకోకు అమ్మమ్మా... మంట!"

నర్సమ్మ పరుగున వచ్చి పిల్ల పాదాలు తడిమింది. "వెచ్చబడ్డాయి" అంది.

పిల్ల ఏడుపు అందుకుంది. "ఏడువమ్మా, ఇంకా గట్టిగా ఏడువు" అంటూ తేలత్త కొంగు పళ్ల మధ్య బిగబట్టింది. ఈసారి అది ఆమె ఏడుపును ఆపలేకపోయింది.