మాస్టారు మా అమ్మ దగ్గర కొన్న యూనిట్లు

మా చిన్నతనంలో రెంటచింతల ఎండకి మధ్యాహ్నం పూట కుక్క కూడా వీధిలోకి వచ్చేది కాదు... ఆ ఎండలో నెత్తిన తువ్వాలు వేసుకుని ఒక రోజు రాయప్ప మాస్టారు మా ఇంటికి వచ్చారు.

బళ్ళో మాకు లెక్కలు చెప్పేది ఆయనే. ఆదివారం చర్చిలో వాక్యం చదివేదీ ఆయనే. అమ్మని "చెల్లెమ్మా" అని పిలిచేవారు. నాకు మామయ్య. అప్పటికి నేను ఐదో తరగతి...

నాన్న నాపరాళ్ళ క్వారీలో పనిచేసేవాడు. ఆ కూలి ఇంటికే చాలేది కాదు. అమ్మ జాకెట్లు కుట్టిన డబ్బులు మాత్రం ట్రంకుపెట్టె అడుగున విడిగా దాచేది. నన్ను గుంటూరు పంపి నర్సు చదివించాలని ఆమె పంతం.

మాస్టారు వసారాలో కూర్చుని, మరచెంబుతో నీళ్ళు తాగి, సంచిలోంచి ఫారాలు తీశారు.

"బ్యాంకులో ఏస్తే ఏమొస్తది చెల్లెమ్మా? ఇది ఫండు. మన డబ్బుతో వాళ్ళు షేర్లు కొంటారు. పది రూపాయలకొక యూనిట్టని మన పేరున రాస్తారు. ఏడేళ్ళు తియ్యటానికుండదు. తియ్యటానికుండదు గాబట్టే కరగదు. పిల్ల చదువుకి సరిగ్గా అందుద్ది."

అమ్మ ట్రంకుపెట్టె ఖాళీ చేసింది. పక్కింటి శౌరమ్మ పిన్ని కూడా పాలమ్మిన డబ్బులు తెచ్చి పెట్టింది. పోస్టులో వచ్చే కాయితాలు మా ఇళ్ళల్లో ఎలుకల పాలవుతాయని, ఇద్దరి ఫారాల మీదా మాస్టారు తన అడ్రసే రాసుకున్నారు... ఎంత మంచి మనిషో అనుకున్నాం.

ఐదేళ్ళు గడిచాయి. నేను పదో తరగతి పూర్తిచేసి ఇంటర్‌లో చేరాను. ఆరో ఏడు సగంలో మాస్టారు పేపరు పట్టుకుని మళ్ళీ వచ్చారు. ముఖం వాడిపోయి ఉంది.

"పది రూపాయల యూనిట్టు షేర్ల బజార్లో ఆరుకి పడింది చెల్లెమ్మా. నిన్ను ఇందులో దింపిన పాపం నాదే. ఆరు చొప్పున నేనే తీసుకుంటా. మునిగితే నేనే మునుగుతా."

అమ్మ ఆయనకి రెండు చేతులెత్తి దణ్ణం పెట్టింది. చూపించిన చోటల్లా సంతకం చేసింది.

శౌరమ్మ పిన్ని దగ్గర మాత్రం ఆయన మాట సాగలేదు. "ఏడేళ్ళని నువ్వే గదయ్యా చెప్పింది? ఏడేళ్ళయినాకే చూస్తా. పోతే పోయింది," అంది. తెలివితో కాదు... ఉత్త మొండితనం.

గడువు తీరాక పిన్ని పేరున రిజిస్టరు పోస్టు వచ్చింది. మనిషి చేతికే ఇవ్వాలని పోస్ట్‌మాన్ నేరుగా ఆమె ఇంటికే తెచ్చాడు. చదివి పెట్టమని నన్ను పిలిచింది. లోపల చెక్కు ఉంది. నేను నోట్‌బుక్‌లో లెక్క వేశాను. తప్పేమోనని మళ్ళీ వేశాను... పెట్టినదానికి రెండింతలు దాటింది.

అప్పుడు అర్థమైంది. ఫండు దగ్గరున్న షేర్ల విలువ ఒకటి, బజార్లో మన కాయితానికి పలికే ధర ఇంకొకటి. గడువు దాకా కంపెనీ వెనక్కి తీసుకోదు కాబట్టి, భయపడ్డవాళ్ళు ఎంతొస్తే అంతకి అమ్ముకునేవాళ్ళు. ఓపికపట్టి ఉన్నవాళ్ళకి చివరి రోజున అసలు విలువ మొత్తం వస్తుంది.

చెక్కుతో పాటున్న ఇంగ్లీషు ఉత్తరంలో ఒక ముక్క దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. 'గడువు తీరగానే పూర్తి విలువ చెల్లిస్తామని రెండేళ్ళ కిందటే మీకు తెలియజేశాం'... ఆ కబురు వెళ్ళింది మాస్టారి అడ్రసుకి. అమ్మ సంతకాలు చేసింది ఆ తర్వాతే.

ఇంటికెళ్ళి ఆ ముక్క అమ్మకి చదివి చెప్పాను. అమ్మ కుట్టే జాకెట్టు అక్కడే వదిలేసి లేచింది. నేను వెనకాలే మాస్టారింటిదాకా పరిగెత్తాను.

"అన్నా, రెండేళ్ళ కిందటే ఉత్తరమొచ్చిందంట గదా?"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "వచ్చింది... అయినా చెల్లెమ్మా, నష్టమొస్తే మోసేది నేనే గదా."

"నా కాయితం గురించి వచ్చిన ఉత్తరం నాకెందుకు చెప్పలా?"

ఆయన నా వైపు తిరిగారు. "పరీక్షలు దగ్గరపడ్డయ్ గదా... బాగా చదువుతుందా పిల్ల?"

"దాని ఊసు నువ్వెత్తమాక," అంది అమ్మ.

ఇంటికొచ్చి మిషను ముందు కూర్చుంది. సూదిలోకి దారం ఎక్కడం లేదు. నేను ఎక్కించి ఇచ్చాను. "డబ్బు పోతే పోయిందే... నేను ఆయనకి దణ్ణం పెట్టానే," అంది. ఆ ఒక్కసారే ఏడ్చింది.

మాస్టారిచ్చిన డబ్బు గుంటూరు చదువుకి చాలదు. రెండు రోజులకి శౌరమ్మ పిన్ని వచ్చింది. "ఏందే, ఇట్టా కూసుంటే ఎట్టా? నాకొచ్చిన దాంట్లో సగం తీసుకో. పిల్లని గుంటూరు పంపు. నిదానంగా ఇద్దువుగాని." ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. అమ్మ తీసుకోలేదు. ఇంకొక మనిషిని నమ్మే ఓపిక అప్పటికే ఆమెలో అయిపోయింది... నా నర్సు చదువు పోయింది మాస్టారి వల్లో, ఆ 'వద్దు' వల్లో నాకిప్పటికీ తెలియదు.

నేను మాచర్లలో డిగ్రీ చేసి, ఇప్పుడు నరసరావుపేటలో ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పుకుంటున్నాను.

కిందటి నెల మాస్టారు పోయారని మా బడి వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టారు. "మనకి లెక్కలు నేర్పిన దేవుడు" అని అందరూ రాశారు. అదీ అబద్ధం కాదు... నేనూ రెండు ముక్కలు టైపు చేశాను. చెరిపేశాను. మళ్ళీ టైపు చేశాను. చివరికి ఏమీ పంపలేదు.

ఇవాళ ఏ ఫండు విలువ ఎంతో సాయంత్రానికల్లా ఎవరి ఫోనులో వాళ్ళకే కనిపిస్తోంది. చెప్పడానికి ఎండలో నడిచి వచ్చే మనిషి అక్కర్లేదు. అది మంచికే... కానీ ఒక మనిషిని అంత గుడ్డిగా నమ్మడం కూడా ఆ రోజులతోనే పోయింది. అన్నా అని పిలిచిన నోరే ఆ పిలుపు మానుకోవలసి వచ్చిన రోజు మీ ఇంట్లో కూడా ఉందా? ఉంటే రాయండి... చదువుతాను.