నీళ్ల డ్రమ్ము

తవిటయ్య రోలింగ్ మిల్లులో ముప్పయ్యేళ్లు పనిచేశాడు. పెళ్లి బ్యాండు కనబడితే చాలు, "మిల్లు మోత సాలదేటి" అని గొణుక్కుంటూ సందు మారిపోయేవాడు. రిటైరయ్యేసరికి చెవులు మొరాయించాయి. భార్య దేముడమ్మ పక్కనుంచి పిలిచినా పలకడు. అలాంటి మనిషి మొన్న ఎవరిదో పెళ్లి ఊరేగింపులో పెద్ద డ్రమ్ముని ఆనుకుని, కళ్లు సగం మూసుకుని, సింహాచలం మలుపు దాకా నడిచేశాడు.

దేముడమ్మ వెతుక్కుంటూ వచ్చి, చెవిలో నోరు పెట్టి అరిచింది. "నాను పిలిస్తే ఇనపడదు గానీ, బ్యాండు ఇనపడతందేటి?"

"ఇనక్కర్నేదే. అదే వచ్చి గుండె మీద తడతంది."

ఆ మర్నాటి నుంచి ఆవిడ అన్నానికి నోటితో పిలవడం మానేసింది. పెరట్లో ఖాళీ నీళ్ల డ్రమ్ము మీద రెండు చేతులతో దరువేస్తుంది. తవిటయ్య తలూపుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడతాడు. కూర చల్లారిపోతున్నా, ఇంక చాలని మాత్రం అనడు.