ఎండ చూడని గుడ్డ

నాగమల్లేశ్వరికి ఒక ప్రశ్న పుట్టిందంటే ఇక అన్నం సయించదు. మార్కాపురం చివర, పలకల కార్ఖానా గోడను ఆనుకుని ఉన్న కాలనీలో వాళ్లిల్లు. పగలంతా పలకలకు చట్రాలు బిగిస్తుంది. బిగిస్తూనే పక్కవాళ్లను ఏదో ఒకటి అడుగుతూ ఉంటుంది. శ్రీశైలం బస్సు దోర్నాలలో అంతసేపు ఎందుకు ఆగుతుంది, నిన్న మీ ఇంటికొచ్చిన మనిషి ఎవరు, వాళ్లది ఏ ఊరు. ఎవరైనా విసుక్కుంటే "అడగందే అమ్మైనా పెట్టదు" అని నవ్వేస్తుంది.

ఇంత అడిగే మనిషి కూతురిని ఒక్క సంగతి మాత్రం అడగలేదు. ఎనిమిదో తరగతి చదివే రజిని నెలసరి వచ్చినప్పుడల్లా బడి మానేస్తోంది. ఈసారి నెలసరి ఆగిపోయినా లేవలేదు. తొడలు ఒరుసుకుపోయి, దురద, మంట.

"ఇంక బడికి పోనమ్మా," అంది గోడవైపు తిరిగి.

చదువంటే ప్రాణం పెట్టే పిల్ల. నాగమల్లేశ్వరి ఆ రోజు పని మానుకుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోయింది. నర్సమ్మ మందిచ్చి, ఏం వాడతావని అడిగింది. బడిలో ఇచ్చిన ప్యాడ్లు ఉన్నన్నాళ్లు అవి, అయిపోతే పాత చీర గుడ్డ అని చెప్పింది రజిని.

"ఉతికి ఎక్కడ ఆరేస్తావమ్మా?"

రజిని తల దించుకుంది. నర్సమ్మ తల్లివైపు చూసింది. తల్లికీ తెలియదు. ఎవరి గుడ్డ వాళ్లే దాచుకోవాలి, ఒకరి చోటు ఒకరు అడగకూడదు. ఆ ఇంటి ఆడవాళ్ల పద్ధతి అది. ఊరందరి కూపీ లాగే మనిషి తన ఇంట్లోనే ఆ గీత దాటలేదు.

ఆ పూట దాటింది. ఇల్లంతా వెతికి చివరికి దొడ్డి గోడకు ఆనించిన పగుళ్ల పలకల సందులో చెయ్యి పెట్టింది. గోనెపట్టా కింద గుడ్డ దొరికింది. ఇంకా తడిగానే ఉంది, ముక్కిన వాసన కొడుతోంది, పైన బూడిదలా పలకల పొడి.

"ఈడెందుకు పెట్టినావే?"

"అవ్వ చెప్పింది. ముట్టుగుడ్డ పాము కంట పడితే పిల్లలు పుట్టరంట."

"పాములుండేదే పలకల సందులో గదే."

రజిని తెల్లబోయింది. అంత మంటలోనూ ఇద్దరికీ నవ్వొచ్చింది. కానీ ప్రశ్న పుట్టనే పుట్టింది. నాగమల్లేశ్వరి నేరుగా ఆ అవ్వ, తన అత్త గురమ్మ దగ్గరికి పోయి కూర్చుంది.

"అత్తా, గుడ్డను చూసే ఆ పామును ఎవురన్నా చూసినారా?"

"మా అత్త చెప్పింది."

"ఆమె చూసిందా?"

"ఆమెకు వాళ్లత్త చెప్పుంటది. ఇట్లాటివి అడగరు మే."

"అడక్కపోతేనే పిల్ల బడి మానేస్తానంటాంది. ఒళ్లంతా మంటంట."

గురమ్మ చిన్నగా అంది. "నాకూ అట్లనే మండేది."

"ఎన్నాళ్లు?"

"ముట్లు ఆగేదాకా."

నాగమల్లేశ్వరికి ఇంకేం అడగాలో తోచలేదు. బతుకులో అదే మొదటిసారేమో. అత్త మీద కోపంతో వచ్చిన మనిషి ఏడుపు ఆపుకోలేకపోయింది.

మర్నాడు గుడ్డలు సబ్బుతో ఉతికి వాకిట్లో తీగ మీద, చొక్కాల పక్కనే ఎండలో ఆరేసింది. దారినపోయే మగవాళ్లు చూస్తారని సిగ్గేసినా తీయలేదు. గురమ్మ చూసింది. తను అటు పోగానే అత్త వాటిని తీసేస్తుందేమోనన్న భయంతో కార్ఖానాలో పని మీద మనసు నిలవలేదు. మధ్యాహ్నం అన్నానికి పరుగున ఇంటికి వచ్చింది.

గుడ్డలు తీగ మీదే ఉన్నాయి. వాటి కింద, మిట్టమధ్యాహ్నపు ఎండలో, కొంగు నెత్తిన కప్పుకుని గురమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో కర్ర.

"ఎండలో ఏందత్తా ఇది?"

"పామొస్తే ఎవురు కొడతారు మే? నువ్వు పోయి అన్నం తిను. పిల్ల బడికి పోవాల, వాటిని బాగా ఆరనీ."