గొర్రె మాట ఎత్తని ఆదివారం

పెళ్లయిన నాటి నుంచి లక్ష్మీనరసమ్మ పగటిపూట మొగుడి పక్కన కూర్చున్నది లేదు. మాలకొండయ్య తెల్లవారకముందే గొర్రెల వెంట పోతాడు. ఎండాకాలం వచ్చిందంటే మందను తోలుకుని నెలల తరబడి పరాయి చేలల్లోనే కాపురం. ఇంతమంది పిల్లలు ఎట్లా పుట్టారో అర్థం కావట్లేదని తోడికోడళ్లు ఆమె ముఖానే అనేవాళ్లు. ఇంట్లో ఉన్నా ఆయన మాటంతా గొర్రెల మీదే. కూతురికి సంబంధం చూడబోయి, పెళ్లికొడుకును వదిలేసి వాళ్ల పొట్టేలు పళ్లు చూసి వచ్చిన మనిషి.

అందుకే మార్కాపురంలో ఉంటున్న ఆ కూతురు, నాగవేణి, "గిద్దలూరు దారిలో పెద్ద వ్యవసాయ పార్కు పెట్టినారమ్మా, ఆదివారం అందరం పోదాం" అన్నప్పుడు లక్ష్మీనరసమ్మ మొగుడికి షరతు పెట్టింది.

"ఆ ఒక్కరోజు నువ్వు గొర్రె మాట ఎత్తగూడదు. పార్కంతా తిప్పే బండి ఉందంట. దాంట్లో నా పక్కన కూర్చోవాల. మాలకొండ సామి మీద ఒట్టెయ్."

"ఏసినా పో," అన్నాడు మాలకొండయ్య. మందను బావమరిది పాపయ్యకు అప్పజెప్పి, తెల్లపంచె కట్టి, అల్లుడు ప్రకాష్ కారెక్కాడు.

గేటు దగ్గర ఆయనకు మొదటి అనుమానం వచ్చింది. "చేలు చూడ్డానికి టిక్కెట్టేంది అల్లుడూ?"

"మన చేనైతే పని చెయ్యాల. ఇక్కడ చూసి రావొచ్చు మామా, అందుకే."

దమ్ము చేసిన మడిలో వంగి, నాట్లేస్తున్నట్టు ఫోటోలు దిగుతున్న ఒక కుటుంబాన్ని చూసి, పాపం ఏదో పోగొట్టుకుని వెతుకుతున్నారని లక్ష్మీనరసమ్మ జాలిపడింది.

బండి అంటే ట్రాక్టరుకు తగిలించిన రంగుల పెట్టె. అది ఎక్కే చోటు పక్కనే, నడుమెత్తు వెదురు దడి లోపల, పిల్లలు నిమరడానికని కొన్ని గొర్రెలను పెట్టారు. వాటికి స్నానం చేయించి మెడలో రిబ్బన్లు కట్టారు. మాలకొండయ్య వాటికి వీపు తిప్పి, సొరకాయల పందిరి వంక చూస్తూ నిలబడ్డాడు. మెడనరాలు బిగుసుకున్నాయి గానీ తల తిరగలేదు.

ఇంతలో తల్లికి ఎడమైన గొర్రెపిల్ల ఒకటి గొంతు చించుకుంది.

లక్ష్మీనరసమ్మ నాలుక ఆమె అనుమతి అడగలేదు. తల్లి లేని పిల్లల్ని ఇంటి దగ్గర సాకేది ఆమే. అంగిటికి నాలుక ఆనించి టకటకలాడించింది. సంచిలో బొరుగులున్నాయి. గొర్రెలేమో ఈ చుట్టుపక్కల సంతలో కొన్నవే, ఆ పిలుపు బాగా ఎరిగినవే. ముందు పొట్టేలు దడి దూకింది. తక్కినవి ఆలోచించలేదు.

"అమ్మా, యానిమల్స్‌ని పిలవకూడదు!" అంటూ పార్కు యూనిఫాంలో ఉన్న యామిని అనే అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. ఒకావిడ చేతిలో ఐస్‌క్రీం పోయింది. లక్ష్మీనరసమ్మ సంచిలో మూడు మూతులు దూరాయి.

"ఏమయ్యా, చూస్తా నిలబడినావేంది! తోలు!"

"దేన్ని?"

"వీటిని!"

"వీటినంటే?"

"గొర్రెల్నయ్యా!"

"ఆ మాట నువ్వే అన్నావు, నేను అన్లేదు. అల్లుడూ, నువ్వే సాక్ష్యం."

చేసేది లేక ఆమే సంచి చూపిస్తూ వాటిని లోపలికి నడిపించింది. బయటికి అడుగేస్తే మళ్లీ దూకుతున్నాయి. "గడ్డి తెచ్చేదాకా లోపలే కూర్చోండమ్మా," అని యామిని బతిమాలి వెళ్లింది.

బండి ఈల వేసింది. నాగవేణి, ప్రకాష్ ఎక్కి కూర్చున్నారు. కొత్త చీరతో పెంటికల మధ్య కూలబడ్డ లక్ష్మీనరసమ్మకు ఏడుపొచ్చింది.

"నువ్వన్నా పోవయ్యా. నా రాత ఇంతే."

మాలకొండయ్య ఒక కాలు బండిమీద పెట్టాడు. ఆమె వైపు చూశాడు. కాలు దించి, పంచె ఎగ్గట్టి, దడి దాటి వచ్చాడు.

"జరుగు," అని పక్కన కూర్చున్నాడు.

బండి వెళ్లిపోయింది. గొర్రెలు కాక ఇంకేం మాట్లాడాలో ఆయనకు తోచలేదు.

"నీకీ పేరు మీ నాయన పెట్టినాడా, మీ అవ్వ పెట్టిందా?"

"ఇన్నేళ్లకు అడిగినావా!" అంది ఆమె. కళ్లు తుడుచుకుని, "మా అవ్వే," అని మొదలుపెట్టింది. అవ్వ మొక్కు, కొండ మెట్లు, దారిలో విరిగిన బండి ఇరుసు, ఒక్కొక్కటీ వస్తోంది. వెనక నుంచి ఒక గొర్రె ఆమె కొత్త చీర కొంగు నమలడం మొదలుపెట్టింది. మాలకొండయ్య చూశాడు. ఒట్టు తలుచుకుని, ఊకొట్టాడు.