మగ్గం గుంతలో నల్లా నీళ్లు

అమరచింత దగ్గరి ఒక ఊళ్లో, ఒక నేతాయన మగ్గం గుంతలోకి నీళ్లు రావడానికి కారణం నేను. ఈ మాట కాగితం మీద పెట్టడానికి నాకు మూడు నెలలు పట్టింది.

నేను మంచినీటి పనులు చూసే శాఖలో చిన్న ఇంజినీరును. పైపులు వేశాక, కందకం పూడ్చక ముందు, వాటిలో నీళ్లు నింపి రెండు కొసలూ మూసి, చేతిపంపుతో ఒత్తిడి పెంచి, దాని మీటరు ముల్లు కిందికి జారుతుందేమో కూర్చుని చూడాలి. ఆ ఊరి నేతవీధిలో నేను కూర్చోలేదు. అది మార్చి నెలాఖరు. ఆ వీధికి మంజూరైన సిమెంటు రోడ్డు నిధులు నెల దాటితే వెనక్కి పోతాయని, రోడ్డు వేసేవాళ్లు మిషను తెచ్చి వీధి మొదట్లో నిలబెట్టారు. పరీక్ష చేసే పంపు ఖిల్లా ఘణపూర్ వైపు వేరే పనిలో ఉంది. మరుసటి రోజు వచ్చేదే. నేను ఆగలేదు. ఎండ మండుతోంది, వనపర్తికి పోయి ఇంట్లో పడుకోవాలనిపించింది. కొలతల పుస్తకంలో ‘పరీక్షించితిని, లీకు లేదు’ అని రాసి సంతకం చేశాను. దాని కింద పై ఇంజినీరు సంతకం. సాయంత్రానికి పైపు మీద సిమెంటు పడింది.

వానలు మొదలయ్యాక ఆ వీధికి రోజు విడిచి రోజు పొద్దున నీళ్లు వదలసాగారు. కొన్నాళ్లకే ఆ నేతాయన ఇంటి నుంచి పిలుపు. వాళ్లు నేసేది గద్వాల చీరలు. గుంత మగ్గం. నేసేవాడు గుంత అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దించి, అడుగున ఉన్న చెక్కలు తొక్కాలి. ఆ గుంతలో మడమలు మునిగేంత నీళ్లున్నాయి.

“జర చూడుండ్రి సార్,” అన్నాడు నేతాయన. “నల్లా వదిలిన దినమే వస్తున్నయి.”

చూడగానే నాకు తెలిసిపోయింది. అయినా, “వానలు బాగ పడ్డయి గద. భూమిల ఊట,” అన్నాను.

“ముప్పై ఏండ్ల సంది నా కాళ్లు గీ గుంతలనే ఉన్నయి సార్. ఏనాడూ ఊట రాలే.”

“ఈసారి వచ్చింది.”

నిజం చెబితే కొత్త రోడ్డు పగలగొట్టాలి. పగలగొట్టాలంటే ఎందుకో రాయాలి. రాస్తే నా సంతకం అబద్ధమవుతుంది, దాని కిందిది కూడా. పై ఇంజినీరుకు నోటిమాటగా చెప్పి చూశాను. “మునిగితే నువ్వు మునుగు. నన్నెందుకు గుంజుతవ్?” అన్నాడు. ఆ వీధి వాల్వు మూయిద్దామంటే మిగతా ఇండ్లకు నీళ్లుండవు. తెరిస్తే గుంత నిండుతుంది. పొద్దున మా ఇంట్లో బకెట్టు నిండే చప్పుడు వినలేక నల్లా కట్టేసేవాణ్ని. మా ఆవిడ మళ్లీ విప్పేది.

నీళ్లు వదలక ముందు ఆ వీధి ఆడవాళ్లకు నీటి పరీక్ష నేర్పింది నేనే. శాఖ ఇచ్చిన చిన్న పెట్టె, అందులో గాజు గొట్టం, చుక్కల మందు. ఒక గ్లాసులో బోరు నీళ్లు, ఒక గ్లాసులో ట్యాంకు నీళ్లు పెట్టి చూపించాను. ట్యాంకులో క్లోరిన్ కలుపుతాం కాబట్టి ఆ నీటికి పసుపు రంగు వస్తుంది, భూమిలోని నీటికి రాదు. నేతాయన భార్య అందరికంటే ముందు నేర్చుకుంది.

నేను రెండోసారి వెళ్లేసరికి ఆమె గొట్టం పట్టుకుని గడపలో నిలబడి ఉంది. అందులో లేత పసుపు.

“గివి గుంతల నీళ్లు సార్. మీరే చెప్తిరి గద, భూమి నీళ్లకు రంగు రాదని.”

“గొట్టం సరిగ కడగలేదేమో అమ్మా.”

ఆమె బోరు నీళ్లతో గొట్టాన్ని మూడుసార్లు కడిగింది, నేను నేర్పినట్టే. గుంతలోంచి ముంచి, చుక్కలు వేసి, నా కళ్ల ముందు పెట్టింది. మళ్లీ పసుపే.

“సారుకు రంగు కనవడ్తలేదే. అద్దాలు మార్పియ్యాలె,” అంది పక్కింటామె. అందరూ నవ్వారు. “ఆఫీసుకు రాస్త,” అని చెప్పి బండెక్కాను. రాయలేదు.

దసరా దగ్గరపడింది. చీరలకు గిరాకీ ఉండే రోజులు. పక్క ఊళ్లో నా తరవాతి పైపులైను తవ్వుతున్నారు. చూడటానికి వెళితే కందకంలో గడ్డపార పట్టుకుని నేతాయన కనిపించాడు. వేళ్ల సందులు నాని తెల్లబడిన కాళ్లు. అరచేతుల్లో కొత్త బొబ్బలు.

“మగ్గం ఏమైంది?” అన్నాను.

“మగ్గం ఈత నేర్చుకుంటుంది సార్. నేను తవ్వుడు నేర్చుకుంటున్న.”

కూలీలు నవ్వారు. ఆయన నవ్వలేదు. చెమ్మకు మచ్చలు పడ్డ సగం నేసిన చీరను కోసి చుట్టిపెట్టామని చెప్పాడు. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క మగ్గమే. తరవాత గట్టున పేర్చిన పైపులకేసి చూసి, “వీట్లనన్న నీళ్లు నింపి చూస్తరా సార్?” అన్నాడు.

ఆ సంగతి ఆయనకు ఎట్లా తెలిసిందో నేను అడగలేదు. తన గడప ముందే కదా ఆ రోజు కందకం పూడ్చారు. చూసే ఉంటాడు. ఇన్నాళ్లూ నా నోటితో చెప్తానేమోనని ఆగాడు.

ఆ మధ్యాహ్నమే పైపు మీద కూర్చుని రాశాను. ‘పరీక్ష చేయలేదు. చేసినట్టు రాశాను.’ పై ఇంజినీరు ఆ కాగితాన్ని బల్ల మీద బోర్లించి పెట్టాడు. నేను నకలు తీసుకుపోయి జిల్లా ఆఫీసులో ఇచ్చాను. ఇద్దరికీ మెమోలు వచ్చాయి. ఆయన నాతో మాట్లాడటం మానేశాడు.

రోడ్డు కోశారు. వాళ్ల గడప ముందే, పైపు అతుకు లోపల రబ్బరు రింగు మడతపడి ఉంది. పంపు పెట్టి ఉంటే కాసేపట్లోనే ముల్లు చెప్పేసేది.

గుంత ఆరేసరికి దసరా దాటింది. నేను వెళ్లిన రోజు నేతాయన ఇంకా తవ్వకం పనికే పోయి ఉన్నాడు. తడికి ఉబ్బిన చెక్కలు గోడకు ఆనించి ఉన్నాయి. అప్పుడే నల్లా వదిలారు. ఆయన భార్య గుంతలోకి దిగి, అరచెయ్యి నేలకు ఆనించి చూసుకుని, పొడి చెయ్యి నాకు చూపించింది.

“మీ ఊట ఏడికి పోయింది సార్?”

“ఊట లేదమ్మా. నేను అబద్ధం చెప్పిన.”

“మాకు తెల్వదా,” అంది. పైకి రావడానికి నేను చెయ్యి చాపాను. ఆమె గుంత అంచు పట్టుకుని తనే ఎక్కింది.